షాడార్-కై పాత్రను ఆడటం ఎలా: ముందు ఏం పోయిందో రాసుకోండి

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే, డైస్ వేస్తూ పాత్రలుగా ఆడే కథల ఆటలో మొదటిసారి షాడార్-కై అనే నీడలోకపు జాతి క్యారెక్టర్‌ని తీసుకున్నప్పుడు నేను మూడు సెషన్లపాటు గోడకు ఆనుకుని నిలబడ్డాను. నల్ల అంగీ, పాలిపోయిన చర్మం, పొడిపొడి మాటలు. మిగతా నలుగురూ ఊరిని కాపాడటానికి ప్లాన్లు వేస్తుంటే నా పాత్ర కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. మూడో సెషన్ అయ్యాక మా డీఎం (డంజియన్ మాస్టర్, ఆటను నడిపే మనిషి) నన్ను పక్కకు పిలిచి, "నీ పాత్రకి ఏం కావాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) నిండా ఆయుధాలు, దుస్తులు, మచ్చలు రాసుకున్నాను. ఆ మనిషి ఎందుకు పొద్దున్నే లేచి నడుస్తున్నాడో మాత్రం ఎక్కడా లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లుగా నేనే డీఎంగా కూర్చుంటున్నాను. షాడార్-కై తీసుకునే ప్రతి కొత్త ప్లేయర్‌లోనూ అదే తప్పు చూస్తున్నాను. నీడలోకం నుంచి వచ్చినవాడు కాబట్టి దిగులుగా ఉండాలి అనుకుంటారు. దిగులు చూడటానికి బాగుంటుంది గానీ, దానితో ఆట ముందుకు నడవదు. పక్కన కూర్చున్నవాళ్లకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ముందు ఈ జాతి గురించి కొంచెం తెలుసుకుందాం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో వీళ్ల పుట్టుకకు ఒకటి కాదు, మూడు కథలున్నాయి. 2003లో, 3వ ఎడిషన్ రోజుల్లో వచ్చినప్పుడు వాళ్లు ఫే జాతివాళ్లు, అంటే మాయాజీవులు. ఆత్మ నీడలోకంలోకి జారిపోయే శాపం వాళ్ల మీద ఉండేది. జారిపోకుండా ఉండటానికి ముళ్లున్న ఇనుప పట్టీని చేతికి బిగించుకుని, ఆ నొప్పితో మేలుకుని ఉండేవాళ్లు. 2008లో మొదలైన 4వ ఎడిషన్‌లో వాళ్ల పూర్వీకులు మామూలు మనుషులు. చావుకి అధిదేవత అయిన రావెన్ క్వీన్‌తో ఒప్పందం చేసుకుని, షాడోఫెల్ అనే ఆ నీడలోకంలో బతుకుతూ మారిపోయారు. 2018లో 5వ ఎడిషన్ వాళ్లను ఎల్ఫ్‌లను (మొనదేలిన చెవులున్న, చాలాకాలం బతికే జాతి) చేసింది: తమ రాణి అయిన ఆ రావెన్ క్వీన్‌తో పాటు షాడోఫెల్ పాలైన ఎల్ఫ్‌లు, ఇప్పటికీ ఆమెకు సేవ చేస్తున్నవాళ్లు. మీ టేబుల్‌లో ఏ కథ నడుస్తోందో డీఎంని అడిగి తెలుసుకోండి. నాకైతే మూడింటిలోనూ మారని ముక్క ఒకటే ముఖ్యం. ఆ లోకం వాళ్లలోంచి ఏదో తోడేస్తూ ఉంటుంది. వాళ్లు దాన్ని తోడనివ్వకుండా పెనుగులాడుతూ ఉంటారు.

షాడోఫెల్ అంటే మన లోకానికే వెలిసిపోయిన నకలు. అవే కొండలు, అవే నదులు, కానీ వంకర తిరిగి, శిథిలమై ఉంటాయి. సూర్యుడు లేడు, చంద్రుడు లేడు, చుక్కలు లేవు. రంగులు కడిగేసినట్టు ఉంటాయి. అక్కడ ఎక్కువ కాలం ఉన్నవాళ్లకి పట్టుకునేది భయం కన్నా ముందు నిర్లిప్తత. ఏ పనీ చేయాలనిపించదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. మీ పాత్ర పుట్టింది, పెరిగింది, పోట్లాడింది ఆ చోటుతోనే.

అందుకే క్యారెక్టర్ షీట్ ముట్టుకునే ముందు ఒక తెల్లకాగితం మీద ఒకే ఒక్క వాక్యం రాయండి: షాడోఫెల్ ఇతని దగ్గర ఏం తీసుకుంది?

"ఆనందం", "ఆశ" లాంటి పెద్ద మాటలు వద్దు. అవి రాస్తే మళ్లీ కిటికీ దగ్గరికే వెళ్తారు. చేత్తో పట్టుకోగలిగేంత చిన్నది రాయండి. తీపి తెలియదు. ఎర్రరంగు కనిపించదు, బూడిదగా ఉంటుంది. పాట వినిపిస్తుంది గానీ రాగం అందదు, వట్టి చప్పుడు. తల్లి గొంతు గుర్తుంది, ముఖం గుర్తులేదు. ఇలాంటివి.

నాకు ఇది అర్థమైంది ఆటలో కాదు. 2021లో ఒక జ్వరం తగ్గాక నాకు వాసన పోయింది. దాదాపు ఐదు నెలలు. పొయ్యి మీద గిన్నె మాడిపోతున్నా పక్కనే నిలబడి ఉండేదాన్ని. డాక్టరు చెప్పిన సాధన ఒకటుంది: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగింటినీ రోజూ పొద్దున, రాత్రి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వాసన ఎలా ఉండేదో తలుచుకుంటూ పీల్చాలి. నెలలపాటు ఏమీ రాలేదు. అయినా రోజూ సీసాలు తెరిచేదాన్ని. మొదట తిరిగొచ్చింది లవంగం. వాసనగా కాదు, ముక్కు లోపల ఎక్కడో చిన్న చురుకు. ఆ రోజు సీసా చేతిలో పట్టుకుని వంటగదిలో నేల మీద కూర్చుండిపోయాను.

షాడార్-కై అంటే ఆ సీసాలను రోజూ తెరిచేవాడు. అలా చూస్తే ఆడటం తేలికవుతుంది. పోయిన దాని పక్కనే రెండో వాక్యం రాయండి: దాన్ని నిలబెట్టుకోవడానికి ఇతను ప్రతిరోజూ చేత్తో చేసే పని ఏమిటి? తీపి తెలియనివాడు ఎక్కడికి వెళ్లినా ఒక పండు కొని, కొరికి, ఎలా ఉందో పక్కవాళ్లని అడుగుతాడు. ఎర్రరంగు కనిపించనిది తన దారంలో ఏ పోగు ఎరుపో తెలియడానికి ముడి వేసుకుంటుంది. ఇలాంటి పని ఉంటే మీ పాత్ర మాట్లాడకపోయినా కథలో ఉంటుంది. పైగా పక్క పాత్రలు వచ్చి చెయ్యి వేయగలుగుతాయి. మా టేబుల్‌లో ఒక షాడార్-కై పండు కొరికి "ఎలా ఉంది?" అని అడిగినప్పుడు, అప్పటిదాకా అతన్ని నమ్మని పూజారి పాత్ర ఆ పండు అందుకుని, నమిలి, పది నిమిషాలసేపు దాని తీపిని వర్ణించింది. ఆ సాయంత్రం డైస్ ఒక్కసారి కూడా దొర్లలేదు.

పొద్దున్నే ఎవరి చేతులు?

ఇక్కడి నుంచి నేను చెప్పే నియమాలు 5వ ఎడిషన్‌లో 2022లో సవరించి ఇచ్చిన షాడార్-కైవి. దాంట్లో అందరూ టెలిపోర్ట్‌ని, అంటే ఒక చోట మాయమై ఇంకో చోట తేలే శక్తిని చూసి మురిసిపోతారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ట్రాన్స్. షాడార్-కై నిద్రపోనక్కర్లేదు, నాలుగు గంటల ధ్యానంతో లాంగ్ రెస్ట్ (ఆటలో రాత్రి విశ్రాంతి) పూర్తవుతుంది. ఆ ధ్యానం ముగిసేసరికి మీకు లేని రెండు ప్రొఫిషియెన్సీలు (నైపుణ్యాలు) వస్తాయి, ఆయుధాలవో పనిముట్లవో, మీరు కోరుకున్నవి. తర్వాతి లాంగ్ రెస్ట్ దాకా ఉంటాయి, ఆపైన పోతాయి. అవి ఎక్కడి నుంచి వస్తాయో నియమంలోనే ఉంది: ఎల్ఫ్‌లందరికీ ఉమ్మడిగా ఉన్న జ్ఞాపకాల్లోంచి.

ఆ ఒక్క వాక్యాన్ని చాలామంది దాటేసి, "ఇవాళ తాళాలు తీసే పనిముట్లు" అని టిక్కు పెట్టుకుని పోతారు. దయచేసి అలా పోకండి. తన జ్ఞాపకాలు చెదిరిపోతున్న మనిషికి ప్రతి పొద్దునా ఇంకెవరి జ్ఞాపకమో అరువు వస్తోంది. ఇంతకన్నా పెద్ద కానుక ఏ జాతికీ లేదు.

మా క్యాంపెయిన్‌లో ఒక స్నేహితురాలు దీన్ని ఎలా ఆడిందో చెబుతాను. ప్రతి ఉదయం రెండే రెండు వాక్యాలు. అంతకు మించి ఎప్పుడూ తీసుకోలేదు, అందుకే అందరం ఎదురుచూసేవాళ్లం. ఒక రోజు వడ్రంగి పనిముట్లు, పిల్లనగ్రోవి ఎంచుకుంది. "ఈ చేతులు ఒక వడ్రంగివి, ఎడమ బొటనవేలు పూర్తిగా వంగదు. పని అయ్యాక గుమ్మంలో కూర్చుని పిల్లనగ్రోవి ఊదేవాడు." అంతే. ఆ రోజంతా ఆమె పాత్ర ఎదురైన ప్రతి తలుపు మీదా వేళ్లతో తట్టి, అది ఏ చెక్కో చెప్పేది. ఎడమ చేత్తో ఏది పట్టుకున్నా బొటనవేలు చాపి ఉంచేది. సాయంత్రానికి అందరూ ఒక ధాన్యపు కొట్టంలో చిక్కుకుపోతే, తలుపు బందులు బిగించినవాడు ఎక్కడ తొందరపడ్డాడో ఆ చేతులకే తెలిసింది. డీఎంగా నేను అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం) ఇచ్చాను.

మర్నాడు వేరే ప్రొఫిషియెన్సీలు తీసుకుంది. అప్పుడు చెప్పిన వాక్యం నాకు ఇంకా గుర్తుంది: "నిన్న ఈ ఉలి నా చేతిలో ఎలా ఉండేదో గుర్తుంది. ఇవాళ ఇది ఇనుప ముక్క."

మీరు చేయాల్సింది: ఇంటి దగ్గరే ఐదారుగురు ఎల్ఫ్‌ల చేతుల గురించి రెండేసి వాక్యాలు రాసి పెట్టుకోండి. టేబుల్ దగ్గర అప్పటికప్పుడు ఆలోచిస్తే అన్నీ ఒకేలా వస్తాయి. ప్రతిదాంట్లో ఒక శరీర లోపం గానీ, అలవాటు గానీ ఉండాలి. గొప్ప వీరుల జోలికి పోకండి. కుమ్మరి, నేతగాడు, పడవ నడిపేది, పచ్చబొట్లు వేసేది, వీళ్లే పనికొస్తారు.

మాట ఎలా ఉండాలి

తెలుగులో ఆడేవాళ్లకి ఇక్కడ ఒక సదుపాయం ఉంది. మన భాషలో అనుభూతులు వాటంతట అవే మన దగ్గరికి వస్తాయి. ఆకలి వేస్తుంది, చలి వేస్తుంది, నవ్వు వస్తుంది, ఏడుపు వస్తుంది, నిద్ర ముంచుకొస్తుంది. మనం ఏమీ చేయక్కర్లేదు. షాడార్-కైకి ఇవేవీ వాటంతట అవి రావు, తనే వెతుక్కుంటూ వెళ్లాలి. కాబట్టి మీ పాత్ర నోట "నాకు చలి వేస్తోంది" అనిపించకండి. "చలిని వెతుక్కుంటూ గుమ్మం దాకా వెళ్లాను" అనిపించండి. "నవ్వొచ్చింది" బదులు "నవ్వాను, ఇక్కడ నవ్వాలని గుర్తొచ్చింది" అనండి. ఇది సెషన్‌కి రెండు మూడుసార్లు చాలు. ఎక్కువైతే కవిత్వం చదువుతున్నట్టు ఉంటుంది.

ఇంకా ఇష్టమైన క్షణం ఒకటి దాచిపెట్టుకోండి. ఎన్నో సెషన్ల తర్వాత, ఎవరో స్నేహితుడు బతికి బయటపడినప్పుడు, మీ పాత్ర మామూలుగా "ఏడుపొస్తోంది" అంటుంది. అప్పటిదాకా మీరు ఆ మాటను వాడకుండా ఆపుకుని ఉంటే టేబుల్ మొత్తం తలెత్తి చూస్తుంది.

గొంతు మార్చి గుసగుసగా మాట్లాడటం నాకు నచ్చదు. పక్కవాళ్లకి వినపడదు, మీకూ గంటకల్లా గొంతు నొప్పి పుడుతుంది. మామూలు గొంతే చాలు.

పోరాటంలో

టెలిపోర్ట్ ఇలా పనిచేస్తుంది: బోనస్ యాక్షన్‌గా (మీ వంతులో అసలు పని అయిన యాక్షన్ కాక చేయగలిగే చిన్న పనిగా), కంటికి కనిపించే ఖాళీ చోటికి 30 అడుగుల దాకా మాయమై తేలవచ్చు. లాంగ్ రెస్ట్‌కి మీ ప్రొఫిషియెన్సీ బోనస్ ఎంతో అన్నిసార్లు, అంటే 1 నుంచి 4వ లెవెల్ దాకా 2, 5 నుంచి 8 దాకా 3, అలా పెరుగుతుంది. (2018 నాటి రూపంలో లాంగ్ రెస్ట్‌కి ఒక్కసారే. ఏది వాడుతున్నారో ముందే అడగండి, లేకపోతే మధ్యలో వాదన.) 3వ లెవెల్ నుంచి, ఇలా తేలిన ప్రతిసారీ మీ తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా అన్ని రకాల డ్యామేజ్ సగమే తగులుతుంది. ఆ కాసేపూ మీరు దెయ్యంలా, అవతలివైపు కనిపించేలా ఉంటారు.

కొత్తవాళ్లు దీన్ని పారిపోవడానికి వాడతారు. సగం డ్యామేజ్ అంటే పారిపోవడం కన్నా ఎదురెళ్లడానికి ఎక్కువ లాభం. పడిపోయిన స్నేహితుడికీ శత్రువుకీ మధ్య తేలి, రాబోయే దెబ్బలు మీరు తీసుకోండి. కథకూ అదే సరిపోతుంది. దెబ్బ తగిలితే ఏదో ఒకటి తెలుస్తుంది కదా.

ఇంకో రెండు సంగతులు. ఇది మంత్రం కాదు, జాతి లక్షణం. కాబట్టి దీన్ని కౌంటర్‌స్పెల్ (ఎదుటివాళ్ల మంత్రాన్ని అడ్డుకునే మంత్రం) ఆపలేదు, అదే టర్న్‌లో మీ యాక్షన్‌తో పెద్ద మంత్రం వేయడానికీ అడ్డు రాదు. అందుకే మంత్రగాళ్లైన విజర్డ్‌లకి బాగా కుదురుతుంది. దైవశక్తి ఉన్న యోధుడు పాలడిన్‌కి ఇంకా బాగా కుదురుతుంది: మాయమై స్నేహితుడి పక్కన తేలి, యాక్షన్‌తో (2014 నాటి నియమాల్లో) చెయ్యి వేసి బతికించవచ్చు. దొంగలాంటి రోగ్, ఒట్టి చేతులతో పోరాడే మాంక్ తీసుకుంటే మాత్రం ఆలోచించండి, వాళ్లకి బోనస్ యాక్షన్‌తో వేరే పనులు బోలెడు. బార్బేరియన్ యోధుడి ఆవేశం, రేజ్‌కీ బోనస్ యాక్షనే కావాలి, పైగా రెసిస్టెన్స్ (డ్యామేజ్ సగమే తగలడం) రెండు చోట్ల నుంచి వచ్చినా పావు కాదు, సగమే.

నెక్రోటిక్ (ప్రాణాన్ని పీల్చే) డ్యామేజ్‌కి రెసిస్టెన్స్ ఎప్పుడూ ఉంటుంది. మరచిపోకండి, షీట్ మీద పెద్దగా రాసుకోండి.

షాడోఫెల్‌కి తిరిగి వెళ్తే

ఏదో ఒక రోజు క్యాంపెయిన్ అక్కడికి వెళ్తుంది. 5వ ఎడిషన్‌లో ఐచ్ఛిక నియమం ఒకటుంది: షాడోఫెల్‌లో పుట్టనివాళ్ల చేత డీఎం రోజుకోసారి 10 డీసీ విజ్‌డమ్ సేవ్ (డైస్ వేసి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెచ్చుకోవాల్సిన మనోబల పరీక్ష) వేయించవచ్చు. ఓడితే నిర్లిప్తతో, భయమో, పిచ్చో పట్టుకుంటుంది. నిర్లిప్తత పట్టినవాళ్లకి డెత్ సేవ్‌లలోనూ (చావు అంచున వేసే డైస్), ఇనిషియేటివ్‌లోనూ (పోరాటంలో ఎవరి వంతు ముందో తేల్చే డైస్) డిసడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసి చిన్న అంకె తీసుకోవాలి. ఎక్కువసార్లు పడేది అదే, ఆరు ముఖాల డైస్ మీద 1 నుంచి 3 దాకా దానివే.

ఇప్పుడు మీ పాత్ర విలువ తెలుస్తుంది. ఇంతకాలం అందరికీ వింతగా కనిపించిన జబ్బు ఇప్పుడు వాళ్లకే వచ్చింది. దీన్ని ఎలా గడపాలో తెలిసినవాడు మీరొక్కరే. "నేను ముందే చెప్పాను" అనే మాట రానివ్వకండి. మీ సీసా వాళ్లకి ఇవ్వండి. పండు కొరికి "ఎలా ఉంది?" అని అడిగినవాడు ఇప్పుడు అదే పండు పూజారి చేతిలో పెట్టి, "మొదటి రోజు నువ్వు నాకు చెప్పావే, అది మళ్లీ చెప్పు" అనాలి. లాంగ్ రెస్ట్ తర్వాత ఆ నిర్లిప్తతను వదిలించుకునే సేవ్ 15 డీసీ. నా టేబుల్‌లో ఇలాంటి సన్నివేశం ఆడితే దానికి అడ్వాంటేజ్ ఇస్తాను.

అక్కడే మీ రూపం కూడా మారుతుంది. బయటి లోకాల్లో యవ్వనంతో కనిపించే షాడార్-కై, షాడోఫెల్‌లో ముడతలు పడి, కీళ్లు ఉబ్బి, ముసలివాళ్లలా ఉంటారు. దీన్ని ముందుగా ఎవరికీ చెప్పొద్దు. మొదటిసారి సరిహద్దు దాటినప్పుడు చేతుల నుంచి మొదలుపెట్టి చూపించండి.

నొప్పి గురించి

పాత ఎడిషన్లలోని ముళ్ల పట్టీలు, కోతలు నా టేబుల్‌లో వాడను. వాడాలనుకునేవాళ్లు ముందు అందరితో మాట్లాడండి. ఒకసారి మాట్లాడకుండా మొదలుపెట్టాను. ఒక ప్లేయర్ మధ్యలో లేచి బయటికి వెళ్లింది, ఆ మచ్చలు ఆమెకి కథ కాదు. అప్పటి నుంచి నొప్పి బదులు చన్నీళ్లు, ఎత్తులు, కారం, గట్టిగా కొట్టే డప్పు, ఎదురుగాలిలో పరుగు లాంటివి వాడుతున్నాను. పాత్ర ఏమీ చప్పబడలేదు. ఎందుకంటే తనని తాను గాయపరుచుకునే మనిషిని పక్కవాళ్లు చూస్తూ నిలబడతారు, పరుగెత్తే మనిషితో పాటు పరుగెత్తగలరు.

చావు

చనిపోయిన షాడార్-కైని రాణి మళ్లీ తీసుకురాగలదు. మీ టేబుల్‌లో అది ఎలా జరుగుతుందో డీఎంతో మొదటి సెషన్‌కి ముందే మాట్లాడుకోండి. ఊరికే తిరిగొస్తే చావుకి బరువు ఉండదు. నేను వాడే పద్ధతి నా సొంతం: ప్లేయర్ తన పాత్ర పోగుచేసుకున్న జ్ఞాపకాలను ఒక కార్డు మీద వరసగా రాస్తూ ఉండాలి. పొద్దున అరువొచ్చిన చేతులు, ఎవరో వర్ణించిన తీపి, అన్నీ. పాత్ర తిరిగొచ్చినప్పుడు ఆ కార్డులోంచి ఒక లైను రాణి ఉంచేసుకుంటుంది. ఏ లైనో డీఎం నిర్ణయిస్తారు. దాన్ని చెరిపేయొద్దు, ఒక గీత మాత్రమే కొట్టండి. ప్లేయర్‌కి అది కనిపిస్తూ ఉండాలి.

నా స్నేహితురాలి పాత్ర చనిపోయి తిరిగొచ్చినప్పుడు నేను గీత కొట్టింది వడ్రంగి లైను. ఆమె కార్డు తీసుకుని చూసింది, ఏమీ అనలేదు. రెండు సెషన్ల తర్వాత ఒక పాత ఇంటి తలుపు ఎదురైంది. "తట్టడానికి చెయ్యి ఎత్తుతాను," అంది, "ఎందుకు ఎత్తానో తెలియక దించేస్తాను."